అవుట్‌బోర్డ్ ఇంజను వేడెక్కిందా? ఇసుకను వచ్చిన దారినే వెనక్కి పంపండి

మొగ దాటుతుండగా పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజను పక్కనుంచి వచ్చే నీళ్ల ధార సన్నబడితే ఇంపెల్లర్ (నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రం) పోయిందని అందరూ తేల్చేస్తారు. షాపుకెళ్లి కొత్తది తెచ్చి వేస్తారు. రెండు రోజులు బాగానే నడుస్తుంది. మూడో రోజు మళ్లీ కాలిన వాసన. పాత ఇంపెల్లర్‌ను అరగదీసిన ఇసుక సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారుల్లో ఇంకా కూర్చునే ఉంటుంది, దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు పక్కనే పెట్టుకుని ఫైబర్ బోట్లు నడుపుతాం కాబట్టి ఈ పని నేను ఏటా చేస్తూనే ఉంటాను. చాలామంది చెడగొట్టేది ఒకే ఒక్క చోట. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ధార ఆగిపోతే వెంటనే ఇంజను ఆపేయండి. వేడి మీద చల్లటి నీళ్లు మాత్రం పోయవద్దు, సిలిండర్ల మీది అల్యూమినియం మూత (హెడ్) వంకర తిరుగుతుంది. చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లారాకే ఏ పనైనా. ధార వచ్చే రంధ్రంలో కాస్త మందం గాలం తాడు దూర్చి చూడండి. ఇనుప తీగ వద్దు, లోపలి రబ్బరు గొట్టానికి చిల్లు పడుతుంది. తాడుతోనే ఇసుక రాలి ధార బాగా వస్తే మంచిదే. కానీ ధార వస్తోంది కదా అని బ్లాకు (సిలిండర్లు ఉండే దిమ్మ) లోపలంతా శుభ్రంగా ఉందనుకోకూడదు. చాలా ఇంజన్లలో ఆ ధార ఒక పక్క గొట్టం నుంచి వస్తుంది, హెడ్ చుట్టూ నీళ్లు తిరగకపోయినా ధార కనిపించవచ్చు.

కావలసినవి: 10 నంబరు సాకెట్, స్పానర్లు, తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే, కొత్త ఇంపెల్లర్, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక తెరుచుకుని నీళ్లు వదిలే కవాటం) మూతకు కొత్త గాస్కెట్, కుళాయి పైపు, ఒక తెల్ల గుడ్డ.

ప్లగ్గు వైర్లు తీసేయండి, ప్లగ్గులు మాత్రం బిగించే ఉంచండి. గేరు ఏ స్థానంలో ఉందో గుర్తు పెట్టుకుని కింది గేరుకేసు (ఫ్యాను, అంటే ప్రొపెల్లర్ ఉండే భాగం) బోల్టులు విప్పి దించండి. పంపు మూత తీసి ఇంపెల్లర్ బయటకు లాగండి. రెక్క విరిగి ఉంటే ముక్కలన్నీ ఏరి కాగితం మీద పేర్చి చూడండి. ఒక్క ముక్క తక్కువైనా అది నీళ్లతో పాటు పైకి వెళ్లినట్టే. పంపు లోపలి స్టీలు గోడ మీద గోరుకు తగిలే గీతలుంటే అదీ మార్చాలి.

ఇప్పుడు అసలు పని, థర్మోస్టాట్ మూత విప్పడం. ఉప్పునీళ్లలో తిరిగే ఇంజనులో స్టీలు బోల్టు అల్యూమినియంలో పట్టేసి ఉంటుంది. పెద్ద స్పానర్ వేసి బలంగా లాగితే తల తెగి చేతిలోకి వస్తుంది. మొదట్లో నేనూ అలాగే ఒకటి తుంచాను. మిగిలిన ముక్కను డ్రిల్ చేయించి, మర కొత్తగా కోయించేసరికి నాలుగు రోజుల వేట పోయింది.

ముందు రోజు సాయంత్రమే బోల్టుల మొదళ్లలో ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బోల్టు తల మీద చిన్న సుత్తితో నిటారుగా పది పదిహేను దెబ్బలు, గట్టిగా కాదు, టకటకమని. సాకెట్ పూర్తిగా కూర్చున్నాక ముందు బిగించే వైపు రవ్వంత కదిలించండి. పట్టు వదిలేటప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ తర్వాతే విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, మళ్లీ ఆయిల్, మళ్లీ ముందుకు. బోల్టు తిరుగుతున్నా చేతికి స్ప్రింగులా మెత్తగా అనిపిస్తే అక్కడికక్కడే ఆగండి. అది విప్పుకోవడం లేదు, మెలి పడుతోంది. మరిగే నీళ్లలో ముంచి పిండిన గుడ్డను చుట్టూ ఉన్న అల్యూమినియం మీద నాలుగైదు సార్లు వేయండి. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. గ్యాస్ మంట పెట్టేవాళ్లను చూశాను. పక్కనే కార్బురేటర్‌లో పెట్రోలు ఉంటుంది, ఆ పని చేయకండి. ఒక్కో బోల్టుకు అరగంట పట్టినా ఫరవాలేదు.

మూత వచ్చాక థర్మోస్టాట్ తీసి, కుళాయి పైపును ఆ నోట్లో పెట్టి చుట్టూ గుడ్డ బిగించి నీళ్లు వదలండి. కింద, పంపు నుంచి నీళ్లు పైకి తీసుకెళ్లే రాగి గొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టండి. మొదట వచ్చేది తుప్పు రంగు నీళ్లు, వెనకాలే ఇసుక. పోయిన వేసవిలో 9.9 హార్స్‌పవర్ ఇంజను నుంచి నాకు గుప్పెడు ఇసుక వచ్చింది, అందులో పప్పుబద్దంత గుల్ల ముక్క కూడా ఉంది. కొందరు పంక్చర్ షాపు గాలితో కింది నుంచి పైకి ఊదుతారు. దాంతో ఇసుక ఇంకా ఇరుకు సందుల్లోకి పోతుంది. పైనుంచి కిందికే రావాలి, అది కూడా కుళాయి ఒత్తిడితోనే. పది నిమిషాలు వదిలి, ఆపి, బ్లాకును రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి, మళ్లీ వదలండి. గుడ్డ మీద ఒక్క రేణువు కూడా పడని దాకా ఇదే. ఉప్పుతో గట్టిపడిన ఇసుక కదలకపోతే తెల్ల వెనిగర్ పోసి అరగంట ఉంచి బాగా కడగండి. బాత్రూం యాసిడ్ ఉప్పుతో పాటు అల్యూమినియంను కూడా తినేస్తుంది.

థర్మోస్టాట్‌ను పారేసి నడిపితే ఇంజను చల్లగా ఉంటుందని మా వైపు ఒక అలవాటు ఉంది. చల్లగానే ఉంటుంది, కానీ ఉండాల్సిన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గులు మసిపడతాయి. అది పనిచేస్తోందో లేదో చూడాలంటే దాని మూతి మధ్య దారం ఇరికించి గిన్నెలో నీళ్లలోకి వేలాడదీసి స్టవ్ వెలిగించండి. నీళ్లు వేడెక్కుతుండగా మూతి తెరుచుకుని దారం నుంచి జారిపోవాలి. మరిగినా తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

తిరిగి బిగించడం తేలికే. ఇంపెల్లర్‌కు సబ్బునీళ్లు రాయండి. షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ పంపు మూత దించండి, రెక్కలన్నీ ఒకే వైపు వంగుతాయి. గేరుకేసు ఎక్కించేటప్పుడు రాగి గొట్టం పంపు రబ్బరులో సరిగ్గా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. థర్మోస్టాట్ బోల్టులకు మెరైన్ గ్రీజు రాయండి, వచ్చే ఏడాది అరగంట పని అర నిమిషంలో అయిపోతుంది.

నీళ్లు లేకుండా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకండి. ఫ్యాను పైనున్న పలక మునిగేలా డ్రమ్ములో నీళ్లు నింపి పది నిమిషాలు నడపండి. ధార వేలంత ధాటిగా రావాలి, కాసేపటికి చేతికి గోరువెచ్చగా తగలాలి.

ఇదంతా ఏడాదికోసారి చేయడానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలమే సరైన సమయం. వేట మొదలయ్యాక మాత్రం మోకాలి లోతులో స్టార్టు తాడు లాగకండి. ఇంజను పైకెత్తి ఉంచి, ఫ్యాను కింద రెండడుగుల నీళ్లు వచ్చేదాకా తెడ్డు వేయండి.