మూడే పెట్టెలతో ఒక ట్రాక్

డ్రమ్ మెషీన్, మోనో సింథ్ (ఒకసారికి ఒకే స్వరం పలికే ఎలక్ట్రానిక్ వాయిద్యం), డిలే పెడల్ (ధ్వనిని కాసేపాగి ప్రతిధ్వనిలా వినిపించే పెట్టె). ట్రాక్ పూర్తయ్యేదాకా నాలుగోది కలపకండి.

టెంపో నిమిషానికి 120 బీట్లు, ఒక్కో బీట్‌కు నాలుగు స్టెప్పులు. 16 స్టెప్పుల్లో 1, 5, 9, 13 మీద కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ). 3, 7, 11, 15 మీద సింథ్‌తో బేస్ (మంద్ర స్వరం). రెండూ ఒకే స్టెప్పులో పడితే కిక్ దెబ్బ మెత్తబడుతుంది.

అసలు అందం ఇక్కడుంది: సింథ్ ప్యాటర్న్‌ను 12 స్టెప్పులకు కుదించి, మిగిలిన మూడు నోట్లనూ వేర్వేరు స్వరాల్లో పెట్టండి. 48 స్టెప్పులకుగానీ డ్రమ్, సింథ్ రెండూ కలిసి మళ్లీ మొదటికి రావు, అయినా బేస్ ఎప్పుడూ కిక్ మీద పడదు. 12కు బదులు 13 స్టెప్పులు పెడితే మాత్రం జరుగుతూ జరుగుతూ పడుతుంది.

డిలే 375 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా మూడు స్టెప్పులు. సింథ్‌కే పెట్టండి, కిక్‌కు పెడితే అంతా బురదే. అన్నిటికీ ఒకే అడాప్టర్ వాడితే గుయ్‌మని మోత వస్తుందా? ఒకదాన్ని బ్యాటరీ మీద నడిపి చూడండి.