జామ్ నింపిన జీడిపప్పు బిస్కెట్లు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో జీడిపప్పుకు కొదవ లేదు కనుక ఈ బిస్కెట్లకు బాదం కోసం వెతకనవసరం లేదు. చవకైన ముక్కపప్పే చాలు. 60 గ్రాముల పప్పును దోరగా వేయించి, చల్లార్చి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది. 100 గ్రాముల వెన్నను 50 గ్రాముల పంచదార పొడితో తెల్లబడేదాకా గిలకొట్టి, జీడిపప్పు పొడిని, 140 గ్రాముల మైదాను, చిటికెడు ఉప్పును కలపాలి. ఈ ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచకపోతే, బరంపురం ఉక్కకు వెన్న కరిగి బిస్కెట్లు అప్పడాల్లా పరుచుకుంటాయి. ఉసిరికాయంత ఉండలు చేసి బొటనవేలితో గుంట నొక్కాలి. అంచు పగిలితే అక్కడే సర్దాలి, లేకపోతే జామ్ కారి మాడుతుంది. గుంటకు అర చెంచా జామ్ మించకూడదు. ఓవెన్‌లో 170 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నిమిషాలు కాల్చి, మెత్తగా ఉన్నా కదపకుండా ట్రేలోనే 10 నిమిషాలు వదిలేస్తే గట్టిపడతాయి.