రంగు చల్లితే బురదే మిగులుతోందా? డ్రిప్ పెయింటింగ్‌లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కాన్వాసును నేల మీద పరిచి, కుంచె ఆనించకుండా పైనుంచి రంగును ధారలుగా వదలడమే డ్రిప్ పెయింటింగ్. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి 1950 దాకా, న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో స్ప్రింగ్స్ అనే పల్లెలో, ఇంటి వెనక కొట్టంలో ఇలా వేసిన బొమ్మలు అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజానికే (గుర్తుపట్టే ఆకారాలకన్నా రంగు, గీత, చేతి కదలికలకే పెద్దపీట వేసిన అమెరికన్ చిత్రకళా ధోరణి) గుర్తుగా నిలిచిపోయాయి. వాటి ప్రభావం మ్యూజియం గోడల దగ్గర ఆగలేదు. బొమ్మలు వేయడం రాదనుకునేవాళ్లకు, రాసేవాళ్లకు, కుట్టుపనో సంగీతమో చేసుకునేవాళ్లకు కూడా ‘ముందు చేయి కదలనీ, తర్వాత చూద్దాం’ అనే ధైర్యాన్ని ఇచ్చాయి.

అయితే ఆ పాఠంలో సగమే బయటికి వచ్చింది. ‘చేయి వదిలేయ్, ఏదొస్తే అది’ అన్న సగం. రెండో సగం ఎవరూ పెద్దగా చెప్పరు. రంగు ఎంత చిక్కగా ఉండాలి, ఏ పుల్లతో వదలాలి, ఎంత ఎత్తు నుంచి వదలాలి అన్నవి పొలాక్ ముందే తేల్చుకునేవారు. వేశాక చాలాసేపు చూసేవారు. 1950లో టైమ్ పత్రిక ఆయన బొమ్మల విషయంలో ‘గందరగోళం’ అన్న మాట అచ్చువేస్తే, అలాంటిదేమీ లేదంటూ కోపంగా టెలిగ్రామ్ కొట్టారు. అందుకే మీ ప్రయత్నం బెడిసినప్పుడు తప్పును చేయి కదిలిన ఆ కాసేపట్లో వెతక్కండి. దాదాపు ఎప్పుడూ అది అంతకుముందో ఆ తర్వాతో దొరుకుతుంది.

సమస్య: రంగు ధారగా రావడం లేదు. చుక్కలుగా తెగిపోతోంది, లేదా ముద్దగా పడుతోంది

కారణం చిక్కదనం. రంగు మరీ పలచనైతే సన్నటి ధార నిలవదు, గాల్లోనే చినుకులుగా విడిపోతుంది. మరీ చిక్కనైతే పుల్లనే పట్టుకుని వేలాడి, చివరికి ఒక్కసారిగా ఊడిపడుతుంది. ట్యూబులోంచి తీసిన రంగుతో సరాసరి మొదలుపెట్టేవాళ్లకు ఎదురయ్యేది ఈ రెండోదే. పొలాక్ ఎక్కువగా వాడింది డబ్బాల్లో వచ్చే ఎనామెల్ పెయింటు, అంటే ఇళ్లకూ వస్తువులకూ వేసే మామూలు రంగు. అది స్వతహాగానే ధారకట్టి జారుతుంది. మెక్సికన్ చిత్రకారుడు సికీరోస్ 1936లో న్యూయార్క్‌లో నడిపిన ప్రయోగశాలలో ఇలాంటి పరిశ్రమల రంగులను ఒంపడం, చల్లడం పొలాక్ దగ్గరుండి చూశారు.

పరిష్కారం: కాన్వాసు జోలికి వెళ్లకముందు పాత కాగితం మీద పరీక్షించండి. పుల్లను రంగులో ముంచి, జానెడు ఎత్తుకు లేపి పక్కకు నడపండి. ధార తెగకుండా కాగితం ఆ చివరిదాకా వెళ్తే చిక్కదనం కుదిరినట్టే. మధ్యలో చుక్కలుగా మారితే ఇంకొంచెం రంగు కలపండి. కదలనని మొరాయిస్తే పలచన చేయండి. అక్రిలిక్‌ను నీళ్లతోనే పలచన చేస్తూ పోతే ఆరాక రంగుపొరలో పట్టు తగ్గి, రాలిపోయే ప్రమాదం ఉంది. సగమైనా పోరింగ్ మీడియం (పట్టు తగ్గకుండా అక్రిలిక్‌ను జారేలా చేసే ద్రవం) కలపడం మేలు. ఎనామెల్, టర్పెంటైన్ వాడేటట్టయితే తలుపులన్నీ తెరవండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. పిల్లలతో కలిసి వేసేటప్పుడు మాత్రం నీటి ఆధారిత రంగులే వాడండి, ఇందులో మినహాయింపు లేదు.

సమస్య: గీత తిన్నగా సాగకుండా చిన్న చిన్న చుట్టలు చుట్టుకుంటోంది

తేనెను పైనుంచి వదిలితే అడుగున చుట్టలు పడతాయి కదా, ఇదీ అదే. ధార కిందికి దిగే వేగం కన్నా మీ చేయి నెమ్మదిగా కదిలితే, మిగిలిన రంగు ఎటూ పోలేక తన మీద తానే చుట్టుకుంటుంది. 2019లో ద్రవాల కదలికను అధ్యయనం చేసే శాస్త్రవేత్తలు, పొలాక్ పని చేస్తుండగా తీసిన పాత వీడియోలను పరిశీలించారు. ఆయన చేతి వేగం, ఎత్తు, రంగు చిక్కదనం మూడూ కలిసి సరిగ్గా ఈ చుట్టలు పడని పరిధిలోనే ఉన్నాయని తేల్చారు. ‘అదృష్టం కొద్దీ పడిన గీతలు’ అనేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు ఉంటుందనుకోను.

చేయాల్సింది: చేతిని ఇంకాస్త వేగంగా నడపండి. అది కుదరకపోతే ఎత్తు మార్చి చూడండి. చుట్టలే మీకు నచ్చాయా, అలాగే ఉంచండి. కాకపోతే ఎందుకు వస్తున్నాయో తెలిసి ఉంచండి.

సమస్య: అన్ని రంగులూ కలిసి బురదలా తయారయ్యాయి

నన్ను అడిగితే ఎక్కువమందిని ఈ పద్ధతికి దూరం చేసింది ఇదే. ఒక్కో రంగూ విడిగా ఎంతో బాగుంటుంది. గంట గడిచేసరికి కాన్వాసంతా గోధుమా బూడిదా కాని ఏదో వన్నె.

కారణాలు రెండు, తరచూ రెండూ కలిసే వస్తాయి. ఒకటి, కింది పొర తడిగా ఉండగానే పైది వేయడం. ఎరుపూ ఆకుపచ్చా, పసుపూ ఊదా ఇలా తడిమీద కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెండు, ఉన్న సీసాలన్నీ తెరవడం.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ‘ఆటమ్ రిథమ్’ను చూడండి. 1950 నాటిది, దాదాపు 2.67 మీటర్ల ఎత్తు, 5.26 మీటర్ల వెడల్పు. అంత పెద్ద బొమ్మలో నలుపు, తెలుపు, గోధుమ, అక్కడక్కడా కొంచెం నీలి వన్నె. అంతే. ముందు పలచటి నలుపుతో వల లాంటిది పరుచుకుంది, మిగతావి దాని మీద వచ్చాయి. ఫొటోగ్రాఫర్ హాన్స్ నామత్ ఆ బొమ్మ తయారవుతుండగా తీసిన ఫొటోలు ఉండబట్టి ఈ క్రమం మనకు తెలిసింది. పొలాక్ బొమ్మల్లో కూడా తడి రంగులు ఒకదాంట్లోకి ఒకటి ఒరుసుకున్న చోట్లు కనిపిస్తాయి. కానీ అవి చోట్లు, బొమ్మంతా కాదు.

మీరూ మూడు రంగులకు కట్టుబడండి. అందులో ఒకటి బాగా ముదురుది, ఒకటి బాగా లేతది. ముదురుదాన్ని ముందు వేసి, ఆరనిచ్చి, అప్పుడు రెండోదానికి వెళ్లండి. ఆరిందో లేదో సన్నగీతను తాకి తేల్చకండి, అది ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. కాన్వాసు మీద అన్నిటికన్నా లావుగా ఉన్న చుక్క అంచును వేలితో మెల్లగా ముట్టండి. వేలికి అంటుకుంటే ఇంకా ఆగాలి. ఆ ఆగడాన్ని వృథా అనుకోకండి, అది చూసుకునే సమయం.

ఇంకో చిన్న విషయం. ఎనామెల్ మడుగుకట్టిన చోట పైన పొర బిగుసుకుని, లోపల తడి ఉండిపోయి ముడతలు పడుతుంది. మడుగును అప్పటికప్పుడే కాగితంతో అద్ది పలచన చేస్తే సరి.

సమస్య: రంగు గుడ్డలోకి ఇంకిపోయి మసకబారింది

ప్రైమింగ్ చేయని, అంటే అడుగు పూత వేయని కాన్వాసు, పలచటి రంగు కలిస్తే ఇలాగే అవుతుంది. గెస్సో అనే తెల్లటి అడుగు పూత రెండుసార్లు వేసి ఆరాక మొదలుపెట్టండి. కానీ ఆ ఇంకిపోవడమే మీకు అందంగా కనిపిస్తే వదులుకోకండి. పొలాక్ పనిని చూసిన చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ 1952లో సరిగ్గా దీన్నే తన పద్ధతిగా చేసుకున్నారు. పలచన చేసిన తైలవర్ణాలను ముడి కాన్వాసులోకి ఇంకనిచ్చి ‘మౌంటెన్స్ అండ్ సీ’ వేశారు. నూనె కాలక్రమేణా గుడ్డను దెబ్బతీస్తుంది కాబట్టి, మీరు ఇలా వేయాలనుకుంటే అక్రిలిక్కే మంచిది.

సమస్య: గీతలన్నీ మధ్యలోనే గుమిగూడాయి, అంచులు బోసిగా ఉన్నాయి, అన్నీ ఒకే పొడవు

కారణం మీరు కూర్చుని మణికట్టుతో వేస్తున్నారు. మణికట్టు తిరిగేది కొంచెమే, గీత కూడా అంతే. పైగా అంచు దగ్గరికి రాగానే ‘నేల పాడవుతుంది’ అని చేయి తనంతట తానే ఆగిపోతుంది.

స్ప్రింగ్స్‌లోని ఆ కొట్టం ఇప్పుడు సందర్శకులు చూడదగిన చోటు. అక్కడి నేల మీద రంగులు అలాగే ఉన్నాయి. కాన్వాసు అంచు దాటి వెళ్లిన గీతల చివర్లు, చినుకులు, ఒలికిన మరకలు. బొమ్మ వెళ్లిపోయింది, అది పట్టించుకోని అంచు నేల మీద మిగిలింది. గీత కాన్వాసు బయట మొదలై, లోపలికి వచ్చి, మళ్లీ బయటికి పోయేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి కాన్వాసు కింద దానికి రెట్టింపు వెడల్పున పాత గుడ్డో ప్లాస్టిక్ షీటో పరవండి. లేచి నిలబడండి. భుజం నుంచి చేయి ఊపండి, చుట్టూ తిరుగుతూ నాలుగు వైపుల నుంచీ వేయండి. ప్రతి గీతనూ అంచుకు అవతలే మొదలుపెట్టండి. తేడా మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది.

సమస్య: ‘నాకు బొమ్మలు రావు’ అని మొదలే పెట్టలేకపోతున్నారు

జానెట్ సోబెల్ ఎక్కడా చిత్రకళ నేర్చుకోలేదు. ఉక్రెయిన్ ప్రాంతం నుంచి అమెరికా వచ్చి, పిల్లల్ని పెంచి, నలభై దాటాక బ్రూక్లిన్‌లో తన ఇంట్లోనే వేయడం మొదలుపెట్టారు. గాజు డ్రాపర్లతో రంగు చిమ్మేవారు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న ఆమె ‘మిల్కీ వే’ 1945 నాటిది, అంటే పొలాక్ డ్రిప్ బొమ్మలకు ముందుది. ఆమె పనిని పొలాక్ చూశారని, అది ఆయన మనసులో నాటుకుందని విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ తర్వాత రాశారు. ఈ పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు ముందు రావాలి, రావడం లేదు. మీకు కావలసింది శిక్షణ కాదు, ఒక డ్రాపరు, పాడైనా ఫరవాలేదనిపించే ఒక అట్ట.

సమస్య: ఎక్కడ ఆపాలో తెలియక చెడగొట్టుకుంటున్నారు

నేల మీద ఉన్న బొమ్మను పైనుంచి చూస్తూ తీర్పు చెప్పబోవడమే దీనికి కారణం. పాదాల దగ్గర ఉన్నది ఎప్పుడూ అసంపూర్ణంగానే అనిపిస్తుంది. పొలాక్ ఒక దశ పూర్తవగానే బొమ్మను గోడకు ఆనించి, దానితో పరిచయం చేసుకోవడానికి సమయం తీసుకునేవారు. ఒకసారి భార్య, చిత్రకారిణి లీ క్రాస్నర్‌ను పిలిచి, ఇది బాగుందా లేదా అని కాదు, ‘ఇది బొమ్మేనా?’ అని అడిగారని ఆమె చెప్పారు.

మీరూ ప్రతి పొర తర్వాత నిలబెట్టి చూడండి, తలకిందులు చేసి చూడండి. ఇంకొక్క గీత వేయాలనిపిస్తే అది ఎక్కడ, ఎందుకు అన్నది ఒక్క వాక్యంలో చెప్పుకోండి. చెప్పలేకపోతే వేయకండి.

అప్పటికే దాటిపోయిందా? కత్తెర తీయండి. పొలాక్ 1949లో ‘అవుట్ ఆఫ్ ది వెబ్’ అనే బొమ్మలో, రంగు వేసిన బోర్డు నుంచి ఆకారాలను కోసి తీసేశారు. కిక్కిరిసిన చోట ఖాళీ పుట్టింది. క్రాస్నర్ ఇంకా ముందుకు వెళ్లారు. తనకు నచ్చని తన చిత్రాలను చింపి, పొలాక్ పారేసిన కాన్వాసు ముక్కలను కూడా కలిపి కొలాజ్‌లు చేసి, 1955లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. చెడిపోయిందనుకున్న అట్ట మీద ఎల్ ఆకారంలో కోసిన రెండు అట్టముక్కలను చట్రంలా జరుపుతూ వెళ్లండి. అరచేయంత బొమ్మ ఒకటైనా అందులో దాగి ఉంటుంది. దాన్ని కోసుకోండి.

సమస్య: ఈ పద్ధతిని రచనకు వాడితే చదవలేని కుప్ప తయారైంది

ఆగకుండా రాసుకుంటూ పోయారు, మంచిదే. అయితే ‘ముందు’ అనేదీ ‘తర్వాత’ అనేదీ వదిలేశారు. చిత్రకారుడికి రంగు చిక్కదనం ఎలాగో, రాసేవాళ్లకు ఒక చిన్న కట్టుబాటు అలాగ. ఒకే గదిని గురించి రాస్తాను, లేదా వినబడినవే రాస్తాను, ఇలా ఏదో ఒకటి. అది పెట్టుకున్నాక చేతిని వదిలేయండి. రాసింది మర్నాడు చదివి, బతికున్న వాక్యాల కింద మాత్రమే గీత గీయండి. రెండో పొర ఆ వాక్యాల మీదే వేయాలి, కుప్పంతటి మీదా కాదు. సంగీతానికీ, ఫొటోలకూ ఇదే క్రమం పనిచేస్తుంది. రోజువారీ జీవితంతో దీన్ని ముడిపెట్టింది అమెరికన్ కళాకారుడు అలన్ కాప్రో. పొలాక్ తర్వాత కళాకారులు కాన్వాసును దాటి, మన చుట్టూ ఉండే వస్తువులూ చప్పుళ్లూ కదలికల వైపు తిరగాలని 1958లో ఒక వ్యాసంలో వాదించి, మరుసటి ఏడాదే హ్యాపెనింగ్స్ (చూసేవాళ్లనూ కలుపుకుని జరిగే ప్రదర్శనలు) మొదలుపెట్టారు.

సమస్య: చేయి తిరిగింది, కానీ ప్రతి బొమ్మా పోయినదానిలాగే వస్తోంది

అలవాటు పడిన చేయి కొత్త నిర్ణయాలు అడగదు. ఒక వనరును తీసేస్తే అడుగుతుంది. పేరు శిఖరాన ఉన్నప్పుడే పొలాక్ 1951లో రంగులన్నీ పక్కనపెట్టి, ప్రైమింగ్ లేని కాన్వాసు మీద ఒక్క నల్ల ఎనామెల్‌తో పోయడం మొదలుపెట్టారు. వాటిలో ముఖాలూ దేహాలూ మళ్లీ కనిపించాయి. మీకు బాగా అలవాటైన రంగును ఒక నెలపాటు మూతపెట్టి ఉంచండి. పుల్లకు బదులు సిరంజి పట్టండి, లేదా ఎడమచేత్తో వేయండి. మొదటి రెండు మూడు అట్టలు వికారంగా వస్తాయి, అవి పారేయకుండా తేదీ వేసి పక్కన పెట్టండి. నాలుగోదానికి ఏది ఉంచుకోవాలో, ఏది వద్దో వాటిని వరసగా పరిచి చూసి తేల్చుకోండి.