బొమ్మ పెంచితే గీత పెరగట్లేదా? నేను ఇట్ల సరిచేశాను

వరంగల్‌లో ఫ్లెక్సీ డిజైన్ అంటే ఏదో ఒక మూల కళాతోరణం ఉండాల్సిందే. 4 అంగుళాల గీత బొమ్మను 4 అడుగులకు లాగితే ఆకారం 12 రెట్లు పెరుగుతుంది, గీత మందం మాత్రం మొదట ఉన్న 0.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోతుంది. పైనున్న హంసలు దూరం నుంచి కనిపించనే కనిపించవు. అక్కడ కావాల్సింది 6 మిల్లీమీటర్లు. అదే బొమ్మను విజిటింగ్ కార్డుకు కుదిస్తే ఇంకా ఘోరం, గీతలన్నీ కలిసి నల్లటి ముద్దవుతుంది. గీత మందం ఆకారంతో ముడిపడని విడి విలువ కాబట్టే ఇదంతా.

డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో సైజు మార్చకముందే బొమ్మంతా సెలెక్ట్ చేసి ఎఫ్12 నొక్కాలి. అవుట్‌లైన్ పెన్ డబ్బాలో ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’కు టిక్ పెట్టాలి (పాత వెర్షన్లలో ‘స్కేల్ విత్ ఇమేజ్’). అప్పుడు బొమ్మతో పాటే గీత మందమూ మారుతుంది. బొమ్మలో రకరకాల మందాలుంటే ఆ డబ్బాలో మందం గడిని అస్సలు ముట్టుకోవద్దు, అన్నీ ఒకటే అయిపోతాయి. ఈ టిక్ ఒక్కో గీతకు విడిగా ఉంటుంది. తర్వాత కొత్తగా గీసినవాటికి మళ్లీ పెట్టాలి.

ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో అయితే ప్రిఫరెన్సెస్, జనరల్‌లో ‘స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్’కు టిక్ పెట్టాలి. ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో సెలెక్టర్ టూల్ తీసుకుంటే పైపట్టీలోనే గీత మందాన్నీ బొమ్మతో పాటు మార్చే బటన్ ఉంటుంది. కంట్రోల్ పట్టుకుని లాగితే నిష్పత్తి చెడదు.

ఇప్పటికే పెంచేసిన బొమ్మైతే అన్‌డూ చేసి, టిక్ పెట్టి మళ్లీ పెంచడమే మేలు. అన్‌డూ కుదరకపోతే పాత మందాన్ని ఎన్ని రెట్లు పెంచామో అంతతో గుణించి వేయాలి.

ప్రింటుకు పంపే కాపీలో మాత్రం గీతలను ఆబ్జెక్టుగా, అంటే మామూలు ఆకారంగా, మార్చండి. కోరల్‌లో కంట్రోల్, షిఫ్ట్, క్యూ. అసలు ఫైల్ విడిగా దాచుకోవాలి, మార్చాక మందం సవరించలేం.