కిరాణా కొట్టుకు ఇండెంట్ (సరుకు ఆర్డరు) ఎలా రాయాలి: ఒక స్టాకిస్టు మాట

తెనాలిలో సబ్బులు, నూనెలు, బిస్కెట్లకు స్టాకిస్టుగా ఉన్నాను, అంటే కంపెనీల దగ్గర సరుకు తెచ్చి కొట్లకు వేస్తాను. మా బండ్లు కొల్లిపర, దుగ్గిరాల, చేబ్రోలు వైపు కొట్లకు తిరుగుతాయి. కొట్టు నడపడం చేతగానివాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఎవరికి అరువివ్వాలో తెలుసు, ఏ ఇంట్లో ఏ పప్పు తింటారో తెలుసు. దెబ్బ తినేది మాత్రం మా సేల్స్‌మన్ కౌంటర్ ముందు నిలబడి "నూనె ఎన్ని పెట్టెలు రాయమంటారు బాబాయ్?" అని అడిగిన ఆ అర నిమిషంలోనే. అల్మరా వైపు ఒక చూపు చూసి "రాయి, ఒక అయిదు" అంటారు. మొన్న సరుకు నిండుకుందన్న భయం ఉంటే ఆ అయిదు ఎనిమిదవుతుంది. పోయినసారి మిగిలిపోయిందన్న విసుగుంటే రెండవుతుంది. ఈలోగా ఊళ్లో నూనె వాడకం మాత్రం ఏమీ మారి ఉండదు.

ఆ అర నిమిషం రాకముందే చేసుకోవాల్సిన లెక్క చెబుతాను. కంప్యూటర్ అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు.

లీటరు నూనె ప్యాకెట్లే తీసుకుందాం. రోజుకు సగటున 6 పోతాయి అనుకోండి. సేల్స్‌మన్ వారానికి ఒకసారి వస్తాడు, ఇండెంట్ రాసిన రెండు రోజులకు బండి వస్తుంది. అంటే ఉన్నదీ, రావాల్సినదీ, ఈ రోజు రాయించేదీ కలిపి ఆ సరుకుతో వచ్చే వారం ఇండెంట్ తాలూకు బండి దిగేదాకా, అంటే 9 రోజులు గడవాలి. తొమ్మిది ఆర్ల 54. బండి ఆలస్యమైనా, చుట్టాలొచ్చి ఎవరైనా రెండు ఎక్కువ పట్టుకెళ్లినా ఇబ్బంది లేకుండా ఇంకో రెండు రోజుల సరుకు, 12. మొత్తం 66. మీ కొట్టుకు నూనె అంకె ఇదే. పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు అల్మరాలో 20 ఉన్నాయి. పోయిన వారం నాలుగు పెట్టెలు రాస్తే రెండే దిగాయి, మిగతా రెండు రేపటి బండిలో వస్తాయన్నారు. పెట్టెకు 10 కాబట్టి అవి 20. ఉన్నవీ రావాల్సినవీ కలిపితే 40. 66లోంచి 40 తీసేస్తే 26, అంటే మూడు పెట్టెలు. రావాల్సిన 20 మర్చిపోతే 46 తేలుతుంది, అయిదు పెట్టెలు రాయిస్తారు. ఆ రెండు పెట్టెల డబ్బూ అక్కడ ఇరుక్కుపోతుంది. పై వారం అల్మరా నిండుగా కనపడి అసలు రాయించరు. ఆ పై వారం మళ్లీ నిండుకుంటుంది.

ఇది చదువుకోనివాళ్లు చేసే పొరపాటని అనుకోకండి. అమెరికాలోని ఎంఐటీలో 1960ల నుంచి బీర్ గేమ్ అని ఒక ఆట ఆడిస్తున్నారు. రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని నలుగురు వరసగా కూర్చుంటారు. కస్టమర్ల గిరాకీ మొదట్లో వారానికి 4 పెట్టెలు, తర్వాత 8కి పెరిగి అక్కడే ఆగిపోతుంది. అయినా ఆ చిన్న మార్పు రిటైలర్ దగ్గర్నుంచి ఫ్యాక్టరీ దాకా ఎక్కేసరికి ఆర్డర్లు ఎన్నో రెట్లు పెరిగి, ఆనక కుప్పకూలుతాయి. జాన్ స్టెర్మన్ అనే ఆచార్యుడు ఈ ఆటల లెక్కలన్నీ విప్పి 1989లో ఒక సంగతి చూపించాడు. ఆడేవాళ్లు చేతిలో ఉన్న సరుకు చూస్తారు గానీ, ఆర్డరిచ్చి ఇంకా అందని సరుకును దాదాపు లెక్కలోకే తీసుకోరు. బాగా చదువుకున్నవాళ్లూ అదే చేశారు. అందుకే మీ పుస్తకంలో "రావాల్సినవి" అని ఒక గడి తప్పకుండా గీయండి. నన్నడిగితే మిగతా గడులన్నిటికంటే అదే ముఖ్యం.

రోజుకు 6 అన్న సగటు ఎక్కడిదంటారా? నాలుగు వారాల అమ్మకం తీసి రోజులతో భాగించండి. పండగ వారాన్ని అందులో కలపకండి. సంక్రాంతి ముందు పోయిన నూనె, బెల్లం చూసి ఆ తర్వాతి ఇండెంట్ రాస్తే సరుకు మాఘమాసం దాకా కదలదు. సరుకు లేని రోజుల్ని కూడా సగటులోంచి తీసేయాలి. అల్మరా ఖాళీగా ఉన్నప్పుడు అమ్మకం సున్నా అంటే గిరాకీ సున్నా అని కాదు కదా. ఇందుకోసం కౌంటర్ పక్కన ఒక చిన్న చీటీ పెట్టుకోండి. ఎవరైనా అడిగినప్పుడు "లేదమ్మా" అన్న ప్రతిసారీ దాని మీద ఆ సరుకు పేరు రాయండి. దుగ్గిరాలలో మా ఖాతా కొట్టావిడ ఒకరు పాత క్యాలెండర్ కాగితాల వెనక ఇలా రాస్తారు. మా సేల్స్‌మన్ వెళ్లగానే ముందు ఆ కాగితమే చేతికిస్తారు. ఆవిడ కొట్లో ఏం పోతుందో నాకు నా సాఫ్ట్‌వేర్ కంటే ఆ కాగితమే బాగా చెబుతుంది.

అన్ని సరుకులకూ రెండు రోజుల అదనం పనికిరాదు. మిగిలితే ఎంత పోతుంది, లేకపోతే ఎంత పోతుంది అన్నది సరుకును బట్టి చూసుకోవాలి. 35కి కొని 40కి అమ్మే బ్రెడ్, వాపసు లేనిదైతే, ఒక్కటి మిగిలినా ఏడు బ్రెడ్ల లాభం తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి బ్రెడ్ కచ్చితంగా పోయేన్ని మాత్రమే వేయించుకోండి, సాయంత్రానికి అయిపోతే దిగులు పడకండి. ఉప్పు అలా కాదు. నెలల తరబడి పాడవదు. అది లేదంటే వచ్చినావిడ ఉప్పుతోపాటు చింతపండూ, కందిపప్పూ కూడా పక్క కొట్లోనే కొంటుంది. ఉప్పు ఎప్పుడూ నిండుకోకూడదు.

స్కీముల గురించి స్టాకిస్టుగా ఉండి కూడా ఈ మాట చెబుతున్నాను. నెలాఖరున మా కుర్రాళ్లకు టార్గెట్ టెన్షన్ ఉంటుంది. "12కి 1 ఫ్రీ, ఈ ఒక్కసారికి వేయించుకో అన్నా" అని బతిమాలతారు. 12కి 1 అంటే చేతికొచ్చేది దాదాపు 8 శాతం. ఆ 13 మీ కొట్లో ఎన్నాళ్లకు పోతాయో అక్కడే లెక్కేయండి. నెలలోపు పోయేవైతే తీసుకోండి. వారానికి రెండే పోయే షాంపూ సీసాలైతే ఆరు వారాలు దాటుతుంది, వద్దనండి. డేట్ అయిపోయిన సరుకు తిరిగొచ్చేది నా గోడౌన్‌కే, దాని క్లెయిమ్ కోసం కంపెనీ వెంట పడాల్సింది నేనే. మీరు వద్దంటే నాకూ మేలే.

పైవాళ్లతో, అంటే మాతో, మాట్లాడటం గురించి కూడా చెప్పాలి. మీ కొట్లో ఏం జరిగిందో మాకు తెలీదు, మాకు కనపడేది ఇండెంట్ ఒక్కటే. పెళ్లికని ఎవరో ఆరు నూనె టిన్నులు చెబితే "ఇది పెళ్లి ఆర్డరు" అని ఒక్క ముక్క చెప్పండి. చెప్పకపోతే మీ ఊళ్లో నూనె గిరాకీ పెరిగిందనుకుని నేను కంపెనీకి ఎక్కువ రాస్తాను. నాలాంటివాళ్లు పదిమంది అలాగే రాస్తే కంపెనీ కూడా దాన్నే నమ్ముతుంది.

2025 సెప్టెంబరులో ఇది కళ్లారా చూశాం. సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగుతుందని 3వ తేదీన చెప్పారు. అమల్లోకి వచ్చేది 22 నుంచి. ఆ మధ్యలో జనం స్నానాలు ఆపలేదు, పళ్లు తోముకోవడం ఆపలేదు. కొట్లు మాత్రం ఇండెంట్ ఆపేశాయి. 22 దాటాక అందరికీ ఒకేసారి సరుకు కావాల్సొచ్చింది. రేటు తగ్గబోతోందని తెలిస్తే అదనపు సరుకు మానుకోండి గానీ, వారానికి సరిపడా తెప్పించుకోవడం మానకండి.

సరుకు కొరతగా ఉన్నప్పుడు "పది రాస్తే అయిదన్నా వస్తాయి" అని అందరూ రెట్టింపు రాయిస్తారు. నాకు అందరిదీ రెట్టింపే కనపడుతుంది కాబట్టి, నిజంగా ఎక్కువ కావాల్సిన కొట్టు ఏదో తేల్చుకోలేను. అలాంటప్పుడు నేను ఇండెంట్లు పక్కన పెట్టి, అంతకు ముందు రెండు నెలల బిల్లులు చూసి పంచుతాను. ఎక్కువ రాయించినవాళ్లకు ఒరిగేదేమీ ఉండదు. పైగా కొరత తీరాక ఆ పాత పెండింగ్ అంతా ఒకే బండిలో దిగుతుంది, బిల్లూ దాంతోపాటే వస్తుంది. కొత్త ఇండెంట్ చెప్పే ముందు మీ పేరు మీద పాత పెండింగ్ ఏముందో సేల్స్‌మన్ ఫోన్‌లో చూపించమనండి. అక్కర్లేనిది మీ ఎదురుగానే కొట్టేయించండి.