ఒక కంప్యూటర్, రెండు డెస్క్‌టాప్‌లు – 3వ పాఠం: క్లిప్‌బోర్డ్‌ని గట్టు దాటించడం

పోయిన పాఠంలో లినక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, లాగిన్ అయి, డెస్క్‌టాప్‌ని మొదలుపెట్టే స్టార్ట్‌ఎక్స్ కమాండ్‌తో :1 నంబరు మీద రెండో డెస్క్‌టాప్ తెరిచాం. మొదటి డెస్క్‌టాప్ నంబరు :0. ఇప్పుడు :0లో ఒక లింకు కాపీ చేసి, :1లోకి వచ్చి పేస్ట్ కొట్టండి. ఏమీ రాదు. లేదా గంట క్రితం ఇక్కడే కాపీ చేసిన ముక్క ఊడిపడుతుంది. చాన్నాళ్లు నేను ఆ లింకుని ఒక ఫైల్లో సేవ్ చేసి, ఇటొచ్చి తెరుచుకునేవాణ్ణి. పని జరిగేది గానీ విసుగు.

తెర మీద కిటికీలు చూపించే ప్రోగ్రామ్‌ని ఎక్స్ సర్వర్ అంటారు. అది నడిచే, 1987లో వచ్చిన ఎక్స్11 పద్ధతిలో, కాపీ చేసింది ఆ సర్వర్ దగ్గర దాచరు. కాపీ కొట్టగానే ఆ ప్రోగ్రామ్ ‘క్లిప్‌బోర్డ్ ఇప్పుడు నాది’ అని ఎక్స్ సర్వర్‌కి చెప్పుకుంటుంది, అంతే. సరుకు దాని దగ్గరే ఉంటుంది. ఎవరైనా పేస్ట్ కొడితే అప్పుడు ఇస్తుంది. అందుకే కాపీ చేసిన ప్రోగ్రామ్‌ని మూసేస్తే ఒక్కోసారి సరుకూ పోతుంది. క్లిప్పర్ లాంటి క్లిప్‌బోర్డ్ మేనేజర్లు నడుస్తుంటే ఒక నకలు దాచి ఉంచుతాయి. :0, :1 రెండూ వేర్వేరు సర్వర్లు. మనింటి పోపులపెట్టె పక్కింట్లో వెతికితే దొరకదు కదా!

కాబట్టి ఇటు అడిగి, అటు అప్పగించే మనిషి కావాలి. ఆ పని ఎక్స్‌క్లిప్ అనే చిన్న టెర్మినల్ ప్రోగ్రామ్ చేస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కింది లైన్ పలికినట్టు రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి:

ఎక్స్‌క్లిప్ -డి :0 -సెల్ సి -ఓ | ఎక్స్‌క్లిప్ -డి :1 -సెల్ సి

గీతకి ఎడమ పక్కది :0 నుంచి తీస్తుంది, కుడి పక్కది :1కి ఇస్తుంది. ఎదురు దిశలో పంపాలంటే అంకెలు మార్చండి. ‘-సెల్ సి’ మాత్రం మరిచిపోవద్దు. అది లేకపోతే ఎక్స్‌క్లిప్ ప్రైమరీని పట్టుకుంటుంది; అంటే మౌస్‌తో సెలెక్ట్ చేసి నడి బటన్‌తో అతికించేది. కంట్రోల్-సి కొట్టింది అందులో ఉండదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

లైన్ ముగిశాక కూడా కుడి పక్క ఎక్స్‌క్లిప్ వెనకాల బతికే ఉంటుంది. :1లో క్లిప్‌బోర్డ్ యజమాని ఇప్పుడు అదే మరి. మీరు అక్కడ ఇంకేదైనా కాపీ చేయగానే తనంతట తనే తప్పుకుంటుంది.

డిస్‌ప్లే తెరవలేకపోతున్నానని ఎర్రర్ వస్తే అది తాళంచెవి గొడవ. రెండు సెషన్లూ ఒకే యూజర్ స్టార్ట్‌ఎక్స్‌తో తెరిస్తే మామూలుగా రాదు. రెండిటి కుకీలూ, అంటే ఆ తాళంచెవులూ, హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్ఆథారిటీ ఫైల్లోనే ఉంటాయి. వేరే యూజర్ అయితే అనుమతి ఇవ్వాలి, దాని సంగతి 5వ పాఠంలో. ఎక్స్11 బదులు వాడే వేలాండ్ సెషన్ల దారి వేరు, ఈ లైన్‌తో కుదరదు.

అభ్యాసం: :0లో ఒక వాక్యం కాపీ చేసి, ఆ ప్రోగ్రామ్‌ని పూర్తిగా మూసేసి, అప్పుడు ఈ లైన్ నడపండి. వాక్యం :1కి వచ్చిందా, ఎర్రర్ వచ్చిందా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.