డిగ్రీలో మ్యాథ్స్ ఎలా చదవాలి? మేజర్‌గానైనా, మైనర్‌గానైనా

ఇంటర్ మ్యాథ్స్‌లో 75కి 75 తెచ్చుకున్న పిల్లలు కూడా డిగ్రీలో రియల్ అనాలిసిస్ (అవధులు, అవిచ్ఛిన్నత లాంటివాటిని నిరూపణలతో చదివే పేపర్) గానీ గ్రూప్ థియరీ గానీ మొదలవగానే "నాకు మ్యాథ్స్ రాదేమో" అని బెంగపెట్టుకుంటారు. వాళ్ల తెలివి ఎక్కడికీ పోలేదు, సబ్జెక్టు అడిగే ప్రశ్న మారింది. ఇంటర్ దాకా ఎక్కువగా "విలువ కనుక్కోండి" అంటారు, పద్ధతి గుర్తుంటే పని జరిగిపోతుంది. డిగ్రీలో "నిరూపించండి" అంటారు, "ఇది నిజమా కాదా, ఎందుకు?" అంటారు. దానికి చదివే తీరు మార్చుకోవాలి. శ్రద్ధ ఉన్న ఎవరికైనా అది అలవాటవుతుంది. ఎలాగో కింద చెబుతున్నాను.

1. మేజరా, మైనరా ముందు తేల్చుకోండి

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24లో సింగిల్ మేజర్ విధానం వచ్చింది, అంటే ప్రధానంగా చదివే సబ్జెక్టు ఒకటి (మేజర్), దానికి తోడుగా ఇంకోటి (మైనర్). అంతకుముందు ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ), ఎంపీసీఎస్ (కెమిస్ట్రీ బదులు కంప్యూటర్ సైన్స్) అంటూ మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవాళ్లు. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా సబ్జెక్టుల కాంబినేషన్ ఎంచుకుని చేరతారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీరు చేరే ఏడాది సిలబస్‌ను యూనివర్సిటీ సైట్‌లోంచి దించుకుని, ఆరు సెమిస్టర్ల పేపర్ల పేర్లూ ఒకసారి చదవండి. అక్కడ "నిరూపణ" ఎక్కువగా ఉండే పేపర్లు రియల్ అనాలిసిస్, గ్రూపులు, రింగులు, లీనియర్ ఆల్జీబ్రా. వీటి మీద కుతూహలం ఉంటే మేజర్ తీసుకోండి. లెక్కలు చకచకా చేయడం మాత్రమే ఇష్టమైతే ఇంకొంచెం ఆలోచించండి.

మైనర్‌గా తీసుకునేవాళ్లు మేజర్‌కు పనికొచ్చే పేపర్లు చూసుకోవాలి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఫిజిక్స్ వాళ్లకు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తప్పనిసరి. ఎకనామిక్స్ వాళ్లు పై చదువులకు వెళ్లాలంటే రియల్ అనాలిసిస్ కూడా చదివితే మంచిది. స్టాటిస్టిక్స్ వాళ్లకైతే మ్యాథ్స్ లేకుండా ఒక్క అడుగూ పడదు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్.ఏ. చేసి, ఆ తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్‌ వైపు వెళ్లిన సి.ఆర్. రావు గారి 1945 నాటి ఫలితాన్ని ఇవాళ క్రామర్-రావు అసమానత అంటున్నాం, డేటాతో వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు చెబుతుంది. దాని నిరూపణకు ఆయువుపట్టు కోషీ-ష్వార్జ్ అసమానత. లీనియర్ ఆల్జీబ్రాలో ఇన్నర్ ప్రొడక్ట్ స్పేసెస్ చాప్టర్‌లో మీరు చదివేది అదే.

2. నిర్వచనాన్ని సంఖ్యలు వేసి చూడండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నిర్వచనాన్ని రెండు మార్కుల ప్రశ్నలా బట్టీపట్టి ముందుకెళ్లిపోతారు. తర్వాత వచ్చే ప్రతి నిరూపణా దాని మీదే నిలబడుతుంది కాబట్టి, ఏదీ అర్థం కాకుండా పోతుంది.

అనుక్రమం అవధినే తీసుకోండి. 1, 1/2, 1/3, 1/4... సున్నాకి అభిసరిస్తుందని ఇంటర్‌లోనే తెలుసు. డిగ్రీ పుస్తకం దీన్నే ఇలా చెబుతుంది: ఎంత చిన్న ధన సంఖ్య ఎప్సిలాన్ ఇచ్చినా, ఏదో ఒక స్థానం దొరుకుతుంది, ఆ స్థానం దాటాక ప్రతి పదానికీ సున్నాకీ మధ్య దూరం ఎప్సిలాన్ కంటే తక్కువే ఉంటుంది. కాగితం మీద ఎప్సిలాన్ 0.01 అనుకోండి. నూరో పదం దాటితే చాలు, 1/101 దగ్గర్నుంచి అన్నీ 0.01 కంటే చిన్నవే. 0.0001 అనుకుంటే పదివేలో స్థానం దాటాలి. ఎప్సిలాన్ ఇచ్చాకే స్థానం వెతుకుతున్నాం, ఎప్సిలాన్ తగ్గేకొద్దీ స్థానం దూరం జరుగుతోంది. ఇది చేత్తో చేసి చూసినవాళ్లకే పట్టుబడుతుంది.

ఇప్పుడు వరస మార్చి చూడండి. ముందే ఒక స్థానం చెప్పేయాలి, ఆ ఒక్కటే అన్ని ఎప్సిలాన్‌లకూ సరిపోవాలి అంటే? ఆ స్థానం తర్వాత వచ్చే పదాల పరిమాణం ప్రతి ధన సంఖ్య కంటే తక్కువ కావాలి. అంటే అవన్నీ సున్నాలే అయి ఉండాలి. మన 1/2, 1/3 వరస ఆ పరీక్షలో తప్పిపోతుంది. "ప్రతి", "ఏదో ఒక" అనే మాటలు చోటు మారితే అర్థం ఇంతగా మారిపోతుంది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా కనిపించే పొరపాటు కూడా ఇదే.

కాబట్టి కొత్త నిర్వచనం రాగానే మూడు పనులు చేయండి. దానికి సరిపోయే ఉదాహరణ ఒకటి, సరిపోనిది ఒకటి రాయండి. తర్వాత ఆ నిర్వచనానికి వ్యతిరేకం ఏమిటో పూర్తి వాక్యంగా రాయండి. 1, -1, 1, -1... సున్నాకి ఎందుకు పోదో ఎప్సిలాన్‌ను 1/2 తీసుకుని చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే.

3. సిద్ధాంతంలో ఒక్కో షరతునూ తీసేసి చూడండి

ఇంటర్‌లో చదివిన రోల్ సిద్ధాంతం గుర్తుందా? ప్రమేయం సంవృతాంతరంలో అవిచ్ఛిన్నం, వివృతాంతరంలో అవకలనీయం, రెండు చివర్లలోనూ విలువ సమానం అయితే, మధ్యలో ఎక్కడో ఒకచోట వాలు సున్నా అవుతుంది. ఇంటర్‌లో ఇది షరతులు సరిచూసి జవాబు రాసే లెక్క. డిగ్రీలో ఆ మూడు షరతులూ ఎందుకున్నాయో అడగాలి.

చివరి విలువలు సమానం కానక్కర్లేదు అనుకోండి. 0 నుంచి 1 దాకా ఎక్స్ అనే ప్రమేయానికి వాలు అంతటా 1, ఎక్కడా సున్నా కాదు. అవకలనీయత తీసేయండి. -1 నుంచి 1 దాకా ఎక్స్ పరమ మూల్యానికి చివరల్లో విలువ ఒకటే, అవిచ్ఛిన్నమే, కానీ 0 దగ్గర కోసుగా విరిగింది. మిగతా చోట్ల వాలు 1 లేదా -1. ఇక చివరన అవిచ్ఛిన్నత పోనివ్వండి. 0 నుంచి 1 లోపు ఎక్స్‌నే ఉంచి, సరిగ్గా 1 దగ్గర విలువను 0గా పెట్టండి. మిగిలిన రెండు షరతులూ నిలిచాయి, సిద్ధాంతం మాత్రం కూలిపోయింది.

ఇప్పుడు పుస్తకంలో నిరూపణ తెరిచి, ఏ షరతు ఏ వాక్యంలో వాడారో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. అవిచ్ఛిన్నత వల్ల గరిష్ఠం, కనిష్ఠం ఉన్నాయని తెలుస్తుంది. ఆ రెండూ చివర్లలోనే వస్తే, చివరి విలువలు సమానం కాబట్టి ప్రమేయం స్థిరం, వాలు అంతటా సున్నా. లేదంటే కనీసం ఒకటి లోపల ఉంటుంది, అవకలనీయత వల్ల అక్కడ వాలు సున్నా అవుతుంది. మూడు షరతులకూ మూడు పనులు. ఇలా చదివిన నిరూపణను బట్టీపట్టక్కర్లేదు, ఎప్పుడడిగినా మళ్లీ కట్టుకోగలరు.

ఇలాంటి ప్రత్యుదాహరణల కోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మూడేళ్లలో మీ దగ్గరుండే అన్ని పుస్తకాల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

4. పుస్తకం మూసి రాయండి

నిరూపణ చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆగిపోతామో అక్కడే మనకు రానిది ఉంది. ఆగినచోట ఒక్క వాక్యం మాత్రం చూసి, మళ్లీ మూసి రాయండి.

లెక్క రాకపోతే వెంటనే యూట్యూబ్‌లో జవాబు వెతక్కండి. కనీసం అరగంట దానితో కుస్తీ పట్టండి. నిర్వచనం పూర్తిగా రాసుకోండి, బొమ్మ గీయండి, చిన్న సంఖ్యలతో చూడండి, నిరూపించాల్సింది అబద్ధం అనుకుంటే ఏమవుతుందో చూడండి. గ్రూప్ థియరీలో ఏ ప్రశ్న వచ్చినా ముందు మూడు వస్తువుల ప్రస్తారాల గ్రూపులో పరీక్షించండి. అందులో ఉన్నవి ఆరే మూలకాలు, అయినా కమ్యుటేటివ్ కాని (వరస మారిస్తే ఫలితం మారే) గ్రూపుల్లో అన్నిటికంటే చిన్నది అదే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గొద్దు. ఆలోచన తెలుగులోనే చేయండి, వాక్యాలు ఇంగ్లీషులో రాయడం నెమ్మదిగా వస్తుంది. నిరూపణల్లో వచ్చే ఇంగ్లీషు వాక్యాలు మళ్లీ మళ్లీ అవే. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి, ఖాళీ క్లాస్‌రూమ్‌లో బోర్డు మీద ఒకరికొకరు చెప్పుకుంటే ఇంకా తొందరగా వస్తుంది.

5. సెమిస్టర్ పరీక్షలకు విడిగా సమయం ఇవ్వండి

యూనివర్సిటీ పేపర్లలో సిద్ధాంతాలు నేరుగా అడుగుతారు, పాత పేపర్లు చేస్తే మార్కులు వస్తాయి. అందులో తప్పేమీ లేదు, పరీక్షకు రెండు మూడు వారాల ముందు ఆ పని చేయండి. గైడుతో సెమిస్టర్ మొదలుపెట్టడం మాత్రం వద్దు. రియల్ అనాలిసిస్‌ను గైడుతో దాటేసినవాళ్లకు పీజీలో టోపాలజీ, మెజర్ థియరీ మొదటి వారం నుంచే బరువవుతాయి.

6. కాలేజీ బయటి దారులు తెలుసుకోండి

ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. 1993లో మొదలైన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణ డిగ్రీ పిల్లలకు బంగారం లాంటి అవకాశం. నాలుగు వారాల పాటు నిరూపణలు మీ చేతే చెప్పిస్తారు. దరఖాస్తులు వేసవికి చాలా ముందే అడుగుతారు, చూస్తూ ఉండండి. ఇంకా ఇంటర్‌లోనే ఉన్నవాళ్లయితే బెంగళూరు ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ, తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) గురించి ఇప్పుడే కనుక్కోండి.

డిగ్రీ తర్వాత బీఈడీ చేసి డీఎస్సీకి వెళ్లవచ్చు, ఐసెట్ రాసి ఎంసీఏ చేయవచ్చు, యాక్చూరియల్ (బీమా రంగంలో నష్టభయాన్ని లెక్కగట్టే వృత్తి) పరీక్షలు రాయవచ్చు. ఎమ్మెస్సీ చేయాలనుకుంటే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్షతో పాటు ఐఐటీ జామ్ కూడా రాయండి. ఆ పేపర్‌లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అందులో పది ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు, సగం మార్కులు ఇవ్వరు. ఏ షరతు తీసేస్తే ఏం కూలుతుందో తెలిసినవాళ్లకే అవి అందుతాయి. దరఖాస్తులు సెప్టెంబర్ ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. అంటే మూడో ఏడాదిలో చదవడానికి దొరికేది కొద్ది నెలలే. రెండో ఏడాది వేసవి సెలవుల్లోనే రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, గ్రూప్ థియరీ మొదటి పేజీ నుంచి మళ్లీ చేయడం మొదలుపెట్టండి.